నీరెండ ఫొటోలకు అరవై వేల కోర్సా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో ఏడాది. ఏడాదిగా రాత్రిళ్లు ఫోన్‌లో ఏఐతో ఫొటోలు చేయిస్తోంది. గండికోటలోనో, విశాఖ బీచ్‌లోనో సాయంకాలపు ఎండలో మోడళ్లు నిలబడినట్టు ఉంటాయి. కెమెరాతో తీసినట్టే ఉన్నాయని అందరూ అంటున్నారట. ఇప్పుడు మూడు నెలల ప్రాంప్ట్ ఇంజినీరింగ్ (ఏఐకి ఏం కావాలో రాసి చెప్పడం) కోర్సులో చేరతానంటోంది. ఫీజు 60 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అది చేయించాలా, సీఏ చదివించాలా, బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీనా? మా ఆడపడుచు కొడుకు బీటెక్ ఏఐ చేస్తున్నాడు. టైం ఎంత వేస్ట్ చేస్తోందో మీకే తెలుస్తుందని మూడు ఫొటోలు, వాటికి తను రాసిన ప్రాంప్టులు పంపుతున్నాను.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ అరవై వేల సంగతి. కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అని కాగితం మీద రాసిస్తారా అని ఒక్కసారి అడిగి చూడండి, మాట ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు యానిమేషన్, తర్వాత డిజిటల్ మార్కెటింగ్, ఆ తర్వాత డేటా సైన్స్. కోర్సు పేరు మారింది, ఫీజు పెరిగింది, నాకు ఉత్తరం రాసేవాళ్ల టెన్షన్ మాత్రం అదే. కానీ ప్రాంప్ట్ కోర్సు మీద నా అనుమానం వాటన్నిటికన్నా ఎక్కువ. 2022లో, మాటలు రాస్తే బొమ్మ చేసిచ్చే ఏఐ మిడ్‌జర్నీ అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు, మంచి బొమ్మ రావాలంటే చివర '8కె, అల్ట్రా డీటెయిల్డ్, ఆర్ట్‌స్టేషన్‌లో ట్రెండింగ్' అని మంత్రంలా తగిలించేవాళ్లు. ఇప్పుడు ఆ మంత్రాలతో పనిలేదు, మామూలు మాటల్లో చెబితే వస్తోంది. 2025 సెప్టెంబరులో గూగుల్ జెమినైతో చీర ఫొటోల మోజు గుర్తుంది కదా? నీరెండ, గాలికి ఎగిరే షిఫాన్ చీర, జడలో పువ్వు. ఎవరో రాసిన ప్రాంప్టు చేతులు మారింది, అతికించిన ప్రతివాళ్లకూ ఫొటో వచ్చింది. మా పక్కింటావిడకూ వచ్చింది, ఆవిడ ఏ కోర్సూ చేయలేదు. ఊరికే దొరికేదాన్ని అరవై వేలకు అమ్మేవాళ్లు ఉంటారు. కొనేవాళ్లలో మీరు ఉండకండి.

ఇక ఆ ఫొటోలు. టైం వేస్టుకు సాక్ష్యంగా పంపారు. నేను మాత్రం మీ ఉత్తరం కన్నా వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

మొదటిది గండికోట. పోచంపల్లి ఇక్కత్ జాకెట్ వేసుకున్న అమ్మాయి పెన్నా లోయ అంచున నిలబడింది. ముఖం మీద బంగారు వెలుగు. నీడ మాత్రం పాదాల దగ్గరే ముద్దగా ఉంది, మిట్టమధ్యాహ్నపు నీడ. గోల్డెన్ అవర్ అంటే సూర్యుడు నేలకు దగ్గరగా, ఆరు డిగ్రీల లోపు ఎత్తులో ఉండే సమయం. వెలుతురు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. సూర్యుడు ఆ ఎత్తుకు దిగేసరికి అయిదున్నర అడుగుల మనిషి నీడ యాభై అడుగులు సాగుతుంది. ఇక్కత్ కూడా తేడాగానే ఉంది. నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉండాలి. ఇందులో స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

రెండోది విశాఖ. సూర్యుడు సముద్రంలోకి అస్తమిస్తున్నాడు! మనది తూర్పు తీరం. అక్కడ సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఊరి వెనక కొండలవైపు దిగుతుంది. ఈ ఫొటోను ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు వాడుకుంటే విశాఖవాళ్లు ఊరుకోరు.

మూడోదానికి వచ్చేసరికి మీ అమ్మాయి మారింది. మొదటి రెండు ప్రాంప్టుల్లో '85 ఎంఎం లెన్స్, మాస్టర్‌పీస్, సినిమాటిక్' అని ఉంది. మూడోదాంట్లో అవేవీ లేవు. ఇంగ్లీషులో తను రాసింది తెలుగులో చెప్పుకుంటే ఇది: 'సూర్యుడు ఆమె వీపు వెనక, బాగా కిందికి. ఎదురుగా సున్నం వేసిన గోడ. గోడ మీద పడిన ఎండ తిరిగి ఆమె ముఖం మీద మెత్తగా పడుతోంది. బస్సు ప్రయాణంలో నలిగిన కాటన్ చున్నీ. నుదుటి మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు.' సూర్యుడు వెనక ఉంటే ముఖం నల్లగా పడాలి కదా, మరి వెలుతురు ఎక్కడిది అని తనకు తనే ప్రశ్న వేసుకుంది. జవాబుగా గోడ కట్టింది. షూటింగుల్లో ఈ పని కోసమే ఒక మనిషి థర్మాకోల్ షీటు పట్టుకుని నిలబడతాడు. ఇది ఎవరూ నేర్పకుండా పదిహేడేళ్ల పిల్లకు తట్టింది.

మీ పూర్తి ఉత్తరం ఇక్కడ వేయలేదు, కుదించాను. అందులో ఆడపడుచు కొడుకు నాలుగుసార్లు వచ్చాడు. ఈ గోడ సంగతి ఒక్కసారీ రాలేదు. 'కెమెరాతో తీసినట్టే ఉన్నాయని అందరూ అంటున్నారట' అని రాశారు. ఆ 'ట' ఎందుకమ్మా? మీరు చూడలేదా? ఫొటోలు నాకు పంపగలిగారు, తన పక్కన కూర్చుని ఒక్క పది నిమిషాలు చూడలేకపోయారు. కోపం తెచ్చుకోకండి, ఇంతకన్నా గట్టిగానే అనాలనుకున్నాను.

బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ చదివితే ఢోకా లేదని కూడా నేను అనను. 2025లో బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం 30 మంది మోడళ్లకు వాళ్ల అనుమతితోనే ఏఐ ప్రతిరూపాలు చేయిస్తున్నట్టు చెప్పింది. అదే ఏడాది ఆగస్టు అమెరికన్ వోగ్ ఫ్యాషన్ పత్రికలో గెస్ బట్టల ప్రకటనలో కనిపించిన మోడల్ అసలు మనిషే కాదు. కేటలాగ్ ఫొటోలు తీసి బతికేవాళ్లకు ఇవి మంచి వార్తలు కావు. మరోవైపు చీరల కొట్టు ఆయనకు కావాల్సింది తన దగ్గరున్న చీర ఫొటో, ఏఐ ఊహించిన చీర కాదు. బోర్డర్ మారిపోతే ఆ చీర వెనక్కి వస్తుంది. ఫొటోలో తప్పెక్కడుందో చూడగానే చెప్పగలిగే కన్ను ఉన్నవాళ్లకు పని దొరుకుతుందని నా నమ్మకం. నమ్మకమే, గ్యారంటీ కాదు.

మీరు అడిగిన పోలిక రెండు ముక్కల్లో. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో ఫొటోగ్రఫీ ఉంది. మాదాపూర్‌లోని ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ ఉంది, ఫీజు ఏడాదికి లక్షల్లోనే. ఎంఈసీ అడ్డు కాదు, రెండింటికీ ఏ గ్రూపువాళ్లయినా రాయొచ్చు. పరీక్షల వివరాలు తనకు ఈపాటికే తెలిసి ఉంటాయి, అడగండి. ఇక సీఏ. అది తన కోరికా, మీదా? తనదైతే చదవనివ్వండి, ఫొటోలు ఎక్కడికీ పోవు.

ఇంటర్ పూర్తి చేసి ఏది ఎంచుకున్నా మునిగిపోయేదేమీ లేదు. తన ఈడు పిల్లల్లో ఒక ఏడాది అటూ ఇటూ అయి చక్కగా స్థిరపడ్డవాళ్లను చాలామందిని చూశాను. రాత్రి పదకొండుకు ఫోన్ పక్కన పెట్టించండి, అంతవరకు మీకు హక్కుంది.

ఈ ఆదివారం ఇద్దరూ ఖమ్మం ఖిల్లా ఎక్కండి, పొద్దుగూకడానికి ఓ అరగంట ముందు. ఫోన్ కెమెరా చాలు. దారిలో పది రూపాయలకు తెల్ల చార్టు ఒకటి కొనండి. ఫొటో తను తీస్తుంది. చార్టు మీరు పట్టుకోండి, ఎటు తిప్పమంటే అటు తిప్పండి. దిగేముందు మీ నీడ ఎన్ని అడుగులుందో తనను నడిచి కొలవమనండి.