‘ఆటిజంతో బాధపడుతున్న’ అన్న మాటలో బాధ ఎవరిది?

సందేహం: మాస్టారికి నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నాకు 23 ఏళ్లు, డిగ్రీ పూర్తి చేశాను. ఆటిజం ఉన్నట్టు సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రం ఉంది. మా విషయంలో ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా మా మాట కూడా వినాలని కోరుతూ, నాలాంటివాళ్లం నలుగురం కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. తహసీల్దారు కచేరీలో పనిచేసి రిటైరైన మా పెదనాన్నగారు మా చిత్తుప్రతిని దిద్ది, ‘ఆటిజం వ్యాధితో బాధపడుతున్న మమ్మల్ని దయతో చేర్చుకోగలరు’ అని రాశారు. నాకెందుకో అది నచ్చలేదు. మనిషిని ముందు చెప్పాలా, ఆటిజాన్ని ముందు చెప్పాలా అని ఇంగ్లీషులో వాదన ఉందని చదివాను. తెలుగులో ఎలా రాయాలి? దివ్యాంగులం అనాలా? ఇన్‌క్లూజన్ అన్న మాటకు ‘చేర్చుకోవడం’ సరిపోతుందా, ‘సమ్మిళితం’ అనాలా?

సమాధానం: మీ పెదనాన్నగారి వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కచేరీలో ఇటువంటి వాక్యాలు రాసి రాసి చేయి తిరిగినవారి ధోరణి అది, చివర ఉన్న ‘గలరు’తో సహా. అయితే ఆ ఒక్క వాక్యంలోనే మీరు వ్యాధి ఉన్నవారు, బాధపడేవారు, దయ కోరేవారు, ఎవరో చేర్చుకుంటే తప్ప లోపలికి రాలేనివారు అయిపోయారు. మీరు చెప్పదలచుకున్నది ఇందులో ఏ ఒక్కటీ కాదు. కాబట్టి ఒక్కొక్క మాటనూ విడివిడిగా చూద్దాం.

ముందుగా ఆ ఇంగ్లీషు వాదన సంగతి. ‘పర్సన్ విత్ ఆటిజం’ అన్నప్పుడు మనిషి ముందుంటాడు. ‘ఆటిస్టిక్ పర్సన్’ అన్నప్పుడు ఆటిజం ముందుంటుంది. మనిషిని ముందు నిలపడమే మర్యాద అని వైద్యులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చాలామంది మొదటి పద్ధతికి అలవాటు పడగా, ఆటిజం తమ నుంచి విడదీసి పక్కన పెట్టగలిగే వస్తువు కాదనీ, అది తాము చూసే తీరులో, వినే తీరులో, ఆలోచించే తీరులోనే ఉన్నదనీ చెబుతూ, 1990ల నుంచి ఆటిస్టిక్ వ్యక్తులే అనేకులు రెండో పద్ధతిని కోరుకుంటున్నారు. ఆ భాషకు ఆ వాదన అవసరమే. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చుకుంటే మాత్రం నిలవదు, ఎందుకంటే మన భాషలో విశేషణం ఎప్పుడూ విశేష్యానికి ముందే వస్తుంది. ఎర్ర చొక్కా, పొడుగాటి మనిషి, నిన్న వచ్చిన చుట్టం, ఆటిజం ఉన్న వ్యక్తి, ఆటిస్టిక్ వ్యక్తి. ఎటు తిప్పినా మనిషి చివరికే వస్తాడు. తెలుగులో మర్యాద తేలేది ఆ మధ్యలో నిలిచే క్రియాజన్య విశేషణం దగ్గర: ఉన్న, కలిగిన, సోకిన, గురైన, బాధపడుతున్న.

సోకడమంటే తాకడం. గాలి సోకింది, దయ్యం సోకింది, జబ్బు సోకింది అంటాం. మెదడు ఎదిగే తీరులోనే, చిన్ననాటి నుంచీ ఉండే లక్షణానికి ఆ మాట ఏ విధంగానూ అతకదు. ‘ఆటిజంగ్రస్తులు’ అన్న మాటను ఈ మధ్య ఒక కరపత్రంలో చూశాను. గ్రస్తం అంటే మింగబడినది; పంచాంగంలో ‘రాహుగ్రస్త సూర్యగ్రహణం’ అని రాస్తారే, ఆ గ్రస్తమే ఇది. గ్రహణమైతే కొద్ది గంటల్లో విడుస్తుంది. ఆ కరపత్రం రాసినవారు మాత్రం మనిషిని జన్మంతా రాహువు నోట్లోనే ఉంచారు.

ఇక ‘బాధపడుతున్న’. ఎదుటివారి లోపలి సంగతి చెప్పేటప్పుడు తెలుగువాళ్లం సాధారణంగా కొంత జాగ్రత్త పడతాం. ‘అతనికి కోపం వచ్చినట్టుంది’, ‘ఆవిడకు బాధగా ఉన్నట్టుంది’ అని ఒక ‘ట్టుంది’ తగిలిస్తాం. ‘ఆటిజంతో బాధపడుతున్న’ అన్నప్పుడు ఆ జాగ్రత్త ఏమైపోతుందో తెలియదు. అడగకుండానే, చూడకుండానే, ఆ మనిషి పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా బాధలో ఉన్నాడని వర్తమానకాలంలో తీర్పు చెప్పేస్తాం. 2024 జూలైలో సుప్రీంకోర్టు, సినిమాల్లో వైకల్యాన్ని చూపించే తీరుపై వచ్చిన ఒక కేసులో తీర్పు ఇస్తూ, బాధితుడు, బాధపడుతున్న, పీడితుడు వంటి అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు సమాజం పెట్టిన అడ్డంకులను మరుగుపరచి భారమంతా మనిషి మీదే వేస్తాయని స్పష్టంగా చెప్పింది. బాధ అసలే ఉండదని నేననడం లేదు. ఉన్నప్పుడు దేనివల్ల బాధో అది రాయండి. బస్టాండులో మైకు మోత వల్ల ఇబ్బంది కలిగితే మోత గురించి రాయాలి.

‘నాకు ఆటిజం ఉంది’ అన్నా ‘నాకు జ్వరం ఉంది’ అన్నట్టే వినిపిస్తుందని కొందరి అభ్యంతరం. ఈ ‘కు’ విభక్తి తెలుగులో చాలా విశాలమైన ఇల్లు. నాకు జ్వరం ఉంది అన్న నోటితోనే నాకు ఇద్దరు అప్పలున్నారు, నాకు ఈత వచ్చు, నాకు వంశధార ఒడ్డంటే ఇష్టం అని కూడా అంటాం. వచ్చిపోయేవీ కలకాలం ఉండేవీ అన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి. కాబట్టి ఆ ప్రయోగంలో తప్పులేదు. అయితే మీ అర్జీ మీరే రాసుకుంటున్నారు కాబట్టి అంతకన్నా బలమైన రూపం మీకు అందుబాటులో ఉంది: ‘మేము ఆటిస్టిక్ వ్యక్తులం’. మేము రైతులం, మేము శ్రీకాకుళం వాళ్లం అన్నప్పుడు చివర వచ్చే ఆ ‘లం’ మన భాష సొంత సొత్తు. చెబుతున్నవారు ఎవరో మాట చివర ముద్ర వేసినట్టు తెలుస్తుంది. మీ గురించి ఇతరులు రాసేటప్పుడు ‘ఆటిజం ఉన్న వ్యక్తి’ అని రాసి, మీరు వేరేలా కోరుకుంటే అలా మార్చుకోవడం మర్యాద.

ఆటిజం అన్న మాటకే తెలుగు ఉండాలా అని మీరు అడగలేదు కాని, మీ పెదనాన్నగారు తప్పక అడుగుతారు. స్వలీనత, ఆత్మలీనత అని కొందరు రాస్తున్నారు. కేంద్ర చట్టాల హిందీ పాఠంలో స్వపరాయణత అని ఉంది. ఇవన్నీ ‘తాను’ అనే అర్థమున్న గ్రీకు మూలం నుంచి చేసుకున్న అనువాదాలు. స్విట్జర్లాండు మనోవైద్యుడు బ్లూలర్ 1910 ప్రాంతంలో ఆ మాటను వేరే వ్యాధి లక్షణానికి వాడగా, 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ నేటి అర్థానికి దగ్గరగా తెచ్చాడు. అంటే మూలపదంలోనే, బయట నుంచి చూసినవాడికి తోచిన ‘తన లోకం తనది’ అన్న అంచనా ఉంది. దాన్ని మనం మళ్లీ సంస్కృతంలో స్థిరపరచడం ఎందుకు? పైగా ఆత్మలీనుడు అంటే తెలుగులో యోగి గుర్తుకొస్తాడు. ఆటిజం అన్న మాట అదృష్టవశాత్తు ‘అం’తో ముగిసింది, పుస్తకం పుస్తకానికి అయినట్టు ఆటిజం ఆటిజానికి, ఆటిజాన్ని, ఆటిజంలో అని ఏ ఇబ్బందీ లేకుండా మన విభక్తుల్లో ఒదిగిపోయింది. దాన్ని అలాగే ఉంచండి.

వర్గాన్ని సూచించే పేర్ల దగ్గర మాత్రం గట్టి పట్టింపు అవసరం, ఎందుకంటే అక్కడ మాట మారితే దరఖాస్తులో గడి మారుతుంది. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను పేర్కొని, ఆటిజాన్ని మానసిక రుగ్మత నుంచి వేరుగా చూపింది; షెడ్యూలులో మేధో వైకల్యం శీర్షిక కిందే ఉంచినా, ఉద్యోగ రిజర్వేషన్ సెక్షన్‌లో దాని నుంచి కూడా విడిగా పేరు పెట్టి చెప్పింది. అందుచేత ‘మానసిక వికలాంగులు’ అని మిమ్మల్ని రాస్తే అమర్యాద మాట అటుంచి, అది అసలు తప్పు సమాచారం. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ కూడా ఆ పాత పేరును వదులుకుని మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత సంస్థగా మారింది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు అన్నింటికీ కలిపి 1 శాతమే ఉంది కాబట్టి ఆ గడి సరిగా పడడం చిన్న సంగతి కాదు.

వికలాంగుడంటే అంగం వికలమైనవాడు, బహువ్రీహి సమాసం. దివ్యాంగుడు కూడా బహువ్రీహే, దివ్యమైన అంగం గలవాడు. ఆటిజానికీ అంగానికీ సంబంధమే లేదు. 2015 చివర్లో ప్రధాని సూచించాక వ్యాప్తిలోకి వచ్చిన దివ్యాంగ శబ్దంలో సదుద్దేశం లేదని అనలేం, కాని దేవుడితో ముడిపెట్టిన మనిషికి బస్సు పాసు కావాలంటే ఆ మాట సాయపడదు. మన రాష్ట్రంలో శాఖ పేరుగా ఉన్న ‘విభిన్న ప్రతిభావంతులు’ వినసొంపుగానే ఉంది. ఆటిజం అనగానే ఏదో అపూర్వ ప్రతిభ, క్షణంలో పెద్ద పెద్ద లెక్కలు కట్టడం ఉంటాయని సినిమాల వల్ల జనం ఇప్పటికే అనుకుంటున్నారు. ప్రతిభ లేని ఆటిస్టిక్ పౌరుడికి, అంటే మనలో చాలామందిలాగే మామూలుగా ఉన్నవాడికి, హక్కు తగ్గుతుందా? అర్జీ చిరునామాలో శాఖ పేరు ఎలా ఉంటే అలా రాయండి, పేరు పేరే. లోపల మాత్రం ‘వైకల్యం ఉన్న వ్యక్తులు’ చాలు.

ఇన్‌క్లూజన్ మాట అసలైన చిక్కు. చేరు అకర్మకం, చేర్చు సకర్మకం, దానికి ‘కొను’ చేరితే ఆత్మార్థకం. బడిలో చేర్చుకున్నారు, ఆస్పత్రిలో చేర్చుకున్నారు అన్నప్పుడు గుమ్మం ఎవరిదో, తాళం ఎవరి చేతిలో ఉందో ఆ ‘కొను’ చెప్పేస్తుంది. విలీనం అన్న మాట పాత విద్యాపత్రాల్లో కనిపిస్తుంది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో విలీనమవుతుంది. ఆ తరవాత ఇది వంశధార నీరు అని ఎవరూ చూపించలేరు. మిమ్మల్ని మీరు కాకుండా చేసే కలయికను మీరు కోరడం లేదు. సమ్మిళితం ఆ పక్క మాటే, బాగా కలిసిపోయినది అని అర్థం. పత్రికల్లో స్థిరపడింది కాబట్టి తప్పుపట్టను, కాని నరసన్నపేట సంతలో ఆ మాట అని చూడండి, ఎవరూ తిరిగి చూడరు. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో వాడుకలో ఉన్న ‘సహిత విద్య’ నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. సహితం అంటే కూడా ఉండడం. సాహిత్యం అన్న మాట దాని నుంచే వచ్చింది. శబ్దమూ అర్థమూ ఒకదాని పక్కన ఒకటి ఉంటూ ఏదీ రెండోదానిలో కరిగిపోదు. చేరిక మంచి తెలుగు మాటే, పాత వాడుకలో దగ్గరితనం అన్న అర్థం కూడా ఉంది, కాని ఎన్నికల వేళ పార్టీల్లో చేరికల పుణ్యమా అని ఇప్పుడు కండువా గుర్తుకొస్తోంది. బడి గురించి రాసేచోట సహిత అనండి. విధానాల గురించి రాసేచోట ‘భాగస్వామ్యం’ అనండి. భాగస్వామికి లెక్క అడిగే హక్కుంటుంది.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించగా 2007లో మన దేశం అంగీకరించిన వైకల్య హక్కుల ఒడంబడిక నాటికే ప్రపంచమంతా ఒక నినాదం వ్యాపించి ఉంది. ‘మా గురించి మేము లేకుండా ఏదీ వద్దు’ అని దాన్ని తెలుగు చేస్తున్నారు. అర్థం తెలుస్తుంది, నోటికి పట్టదు. మన ఉత్తరాంధ్రలో ఇంకా బతికున్న ‘ఊసు’ ఉండగా అంత తిరగడం ఎందుకు? ‘మేం లేకుండా మా ఊసెత్తొద్దు’ అనవచ్చు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాషను సవరల నోటనే విని నేర్చుకుని, వాళ్లకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు. ఎవరి మాట వారిని అడిగి రాసుకునే పద్ధతి మన జిల్లాకు కొత్త కాదు.

దయకు బదులుగా మీరు కోరుతున్నది గౌరవం. గురు అంటే బరువైనది, గౌరవం అంటే బరువు; మీ మాటకు బరువు ఉండాలని అడుగుతున్నారన్నమాట. మన్నన అని రాయబోయేరు, మన్నించడమంటే క్షమించడం కూడా. ఈ సంగతి నాకు ఒక కార్యాలయంలో బాగా తెలిసింది. మా బంధువులబ్బాయికి తోడు వెళ్లాను. పద్దెనిమిదేళ్లు దాటినవాడు, చెవులు రెండు చేతులతో మూసుకుని బల్ల ముందే నిలబడ్డాడు. గుమస్తా అతన్ని చూడకుండా తల్లి వైపు తిరిగి ‘వీడికేటమ్మా?’ అన్నాడు. ఆమె నోరు తెరవకముందే అబ్బాయి అన్నాడు: ‘నాకేటీ నేదు. ఆ ఫేనే కిర్రుమంతంది.’ ఫ్యాను ఆపారు; అతను చేతులు దించి, తన వివరాలు తనే చెప్పి, సంతకం పెట్టాడు. చట్టంలో ‘రీజనబుల్ అకామడేషన్’ అని ఉన్నది ఇదే. దాన్ని ‘సహేతుక వసతి’ అని రాస్తే గది అద్దెకిస్తారేమో అనుకుంటారు. ‘తగిన సర్దుబాటు’ అనండి.

ఇప్పుడు మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మేము ఆటిస్టిక్ వ్యక్తులం. 2016 చట్టం 72వ సెక్షన్ ప్రకారం ఏర్పాటయ్యే జిల్లా స్థాయి కమిటీ మా గురించి చర్చించేటప్పుడు మాకు భాగస్వామ్యం ఉండాలనీ, ఆ సమావేశాల్లో మేము మాట్లాడడానికి తగిన సర్దుబాట్లు చేయాలనీ కోరుతున్నాము.’ కింద ‘తండ్రి లేదా సంరక్షకుడు’ అని ఎవరైనా గీత గీసి ఉంటే కొట్టేయండి. ఇతరులతో సమానంగా మీకూ చట్టపరమైన సామర్థ్యం ఉందని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ‘తమ విధేయులు’ అన్నది ఐచ్ఛికం, నేనైతే ‘ఇట్లు’ దగ్గర ఆపి నలుగురి పేర్లూ రాస్తాను. పెదనాన్నగారు చిన్నబుచ్చుకోకుండా ఆయన ‘గలరు’ను ఆఖరి వాక్యంలో ఉంచాను: ‘సదరం ధ్రువపత్రాల నకళ్లు జతపరిచాము, పరిశీలించగలరు.’ అక్కడ అది చక్కగా అమరింది.