ముసురు నెలల జీతాలు ఏ నెలలో సంపాదించాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్ మియాపూర్‌లో మూడేళ్లుగా కిటికీ అద్దాలు శుభ్రం చేసే చిన్న వ్యాపారం నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. వారిలో ఇద్దరు తాడు మీద దిగి పై అంతస్తుల అద్దాలు తుడుస్తారు. ఇళ్లు, షోరూములతో పాటు రెండు ఆఫీసుల కాంట్రాక్టులు ఉన్నాయి. నవంబరు నుంచి మే దాకా నెలకు 2.10 లక్షలు వస్తాయి. జూన్, అక్టోబరుల్లో 1.70 లక్షలు. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో 1.30 లక్షలకు మించదు. ఖర్చుల్లో జీతాలు 72,000, వ్యాను కిస్తీ 14,500, డీజిలు, సామాను 22,000, గోదాము అద్దె 8,000, ఫోన్లు, మరమ్మతులు 6,500, ఇంటికి 45,000. మొన్న ఆగస్టులో జీతాలు ఇవ్వడానికి నా భార్య నగలు పెట్టి, నూటికి నెలకు రూపాయి వడ్డీ మీద 1.50 లక్షలు తెచ్చాను. వాన పడితే పని వాయిదా వేయక తప్పదు. వాయిదా వేస్తే కొందరు మళ్లీ పిలవరు. వాన రోజుల్లో జీతం కోయాలా? వాయిదాకు రుసుము పెట్టాలా? వచ్చే వానాకాలానికి పెద్ద అప్పు సిద్ధం చేసుకోవాలా?

జవాబు: అంకెలు ఇంత విడివిడిగా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. ‘బాగానే వస్తుందండీ, కానీ నిలవదు’ అని ఒక్క ముక్క రాసి పరిష్కారం అడిగేవారే ఎక్కువ. మీ మూడు ప్రశ్నలకూ నా జవాబు ‘వద్దు’ అనే. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

పొడి నెలల్లో మీ మొత్తం ఖర్చు 1,68,000. మిగులు 42,000. ఏడు నెలలకు అది 2,94,000. జూన్, అక్టోబరుల్లో చెరో రెండు వేలు మిగులుతాయి. వాన నెలల్లో డీజిలు, సామాను మీద ఆరు వేలైనా తగ్గుతాయనుకుంటే ఖర్చు 1,62,000. నెలకు లోటు 32,000, మూడు నెలలకు 96,000. అన్నీ కలిపి కూడితే ఏడాది చివర మీ చేతిలో రెండు లక్షలకు పైగా ఉండాలి. మరి ఆగస్టులో నగలు ఎందుకు బయటికి వెళ్లాయి?

మే నెలాఖరుకు దాదాపు మూడు లక్షల మిగులు ఉండాల్సింది, జూలై వచ్చేసరికి లేదు. ఎక్కడికి పోయిందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. ఇల్లు, వ్యాపారం ఒకే బ్యాంకు ఖాతా మీద నడుస్తుంటే ఇంటి ఖర్చు 45,000 అన్న అంకెను నేను నమ్మను. మార్చిలో ఖాతా నిండుగా కనిపిస్తుంది. బంధువుల పెళ్లికి చదివింపులు, కొత్త ఫోను, పిల్లల వేసవి సెలవుల ప్రయాణం అందులోంచే వెళ్లిపోతాయి. ఆ డబ్బులో కొంత ఆగస్టు జీతాలదని ఖాతా మనకు చెప్పదు. వానాకాలం మన ప్రాంతానికి చెప్పి వచ్చే చుట్టం. మృగశిర కార్తె ఎప్పుడో క్యాలెండరులో ముందే అచ్చయి ఉంటుంది. దాన్ని ఆపద కింద లెక్కగట్టి అప్పు చేయడం సరికాదు. అది ఏటా వచ్చే ఖర్చు. వ్యాను కిస్తీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

కాబట్టి నవంబరు 1 నుంచి వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒకటి, వానాకాలానికి ఒకటి పెట్టుకోండి. రాబడి అంతా మొదటి దానిలోనే పడాలి. ఒకటో తారీకున మీరు కూడా ఉద్యోగిలా 45,000 జీతం తీసుకుని ఇంటి ఖాతాలో వేయండి. చాలకపోతే మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, వ్యాపారం ఖాతాను మాత్రం ముట్టకండి. అదే రోజు 15,000 మూడో ఖాతాకు వెళ్లాలి. ఏడు నెలలకు 1,05,000 అవుతుంది. 96,000 లోటు పూడి ఇంకా కాస్త మిగులుతుంది. ఈ డబ్బు షేర్లలో పెట్టకండి. ఖాతాలో మిగిలిన డబ్బును బ్యాంకే డిపాజిట్‌గా మార్చి, అవసరమైనప్పుడు తీసుకోనిచ్చే స్వీప్ డిపాజిట్ గానీ, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్ (ఒక రకం మ్యూచువల్ ఫండ్) గానీ చాలు. ఆ మూడో ఖాతాకు ఏటీఎం కార్డు మాత్రం తీసుకోకండి.

మిగులులో ఇంకా 27,000 ఉంటుంది. అదంతా నగల అప్పుకే. నవంబరు నుంచి కడుతూ వస్తే ఏప్రిల్‌లో, అంటే ఆరో కిస్తీతో, అప్పు తీరి నగలు ఇంటికొస్తాయి. అసలులో మధ్యమధ్య జమ చేసుకునే వీలుందో లేదో అప్పు ఇచ్చినవారిని ఇప్పుడే అడగండి. కొన్ని పథకాల్లో వడ్డీ మాత్రమే కట్టించుకుంటారు, అసలు అలాగే ఉండిపోతుంది.

ఇక రేటు సంగతి. నెలకు 25 రోజుల చొప్పున ఏడాదికి 300 రోజులు పని ఉంటుందన్న లెక్కతో మీరు ధరలు చెబుతున్నారని నా అనుమానం. మీ రాబడిని బట్టి చూస్తే జూన్, అక్టోబరుల్లో ఇరవై రోజులు, వాన నెలల్లో పదిహేను పదహారు రోజులే పని జరుగుతోంది. మొత్తం 261 రోజులు. ఏడాది ఖర్చు 19,98,000ను దానితో భాగిస్తే, మీ బృందం బయటికి వెళ్లిన ప్రతి రోజూ 7,650 రూపాయలు తేవాలి. 300 రోజుల లెక్కలో అదే 6,660 అని కనిపిస్తుంది. ఒక ఆఫీసుకు రోజుకు 7,000 చొప్పున ఒప్పుకున్నారనుకోండి, రోజుకు 340 లాభమని మీరు సంతోషిస్తారు, నిజానికి 650 పోతుంది. వానను ధరలో కలపాల్సింది ఇక్కడ. వానపడిన రోజున వినియోగదారుడి నెత్తిన రుసుముగా వేయడం కాదు. దసరా, దీపావళి ముందు ఇళ్లు దులిపే రోజుల్లో రాయితీలు ఇచ్చే అలవాటు ఉంటే అది కూడా మానండి. అప్పుడు గిరాకీ మీ వైపే ఉంటుంది.

వాయిదా రుసుము ఎందుకు వద్దంటున్నానంటే, ఆకాశం చేసిన పనికి డబ్బు అడిగితే ఎవరికైనా మండుతుంది. దానికి బదులు ఇళ్ల దగ్గర బుకింగ్ సమయంలోనే ఇరవై శాతం తీసుకోండి. వాన పడితే ఆ డబ్బు తరువాతి తేదీకి మారుతుంది. తేదీ కుదరకపోతే మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేయండి. డబ్బు కట్టిన మనిషి మళ్లీ పిలవకుండా పోవడం తక్కువ.

వాయిదా సంగతి చెప్పడానికి వినియోగదారుడికి ఫోను ఎలా చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ‘వాన కదండీ, తరువాత చూద్దాం’ అంటే మీరే ఆయన్ను వదిలేసినట్టు. ‘రేపటి బయటి అద్దాల పని శుక్రవారం ఉదయం తొమ్మిదికి పెట్టాను, మీకు వీలేనా?’ అని అడగాలి. అలా అడగాలంటే మీ దగ్గర శుక్రవారం ఖాళీ ఉండాలి. అందుకే వాన నెలల్లో వారానికి ఒక పూట ఎవరికీ ఇవ్వకుండా ఉంచండి. ఆ పూట వృథా అనిపిస్తుంది కానీ, వాయిదా పడిన పనిని మింగేది అదే. నిర్ణయం ముందురోజు సాయంత్రం ఏడింటికి, వాతావరణ శాఖ జిల్లావారీ హెచ్చరిక చూసి తీసుకోండి. పసుపు రంగైతే కాస్త కనిపెట్టుకుని ఉండండి. నారింజ, ఎరుపు రంగులైతే బయటి పని ముందే మార్చేయండి.

అసలు వాన అంటే ఏ వాన? చినుకులకు పని ఆపక్కర్లేదు. కింది అంతస్తు అద్దాన్ని మనమే నీళ్లు కొట్టి తుడుస్తాం కదా, పైనుంచి మరో నాలుగు చుక్కలు పడితే నష్టమేమీ లేదు. అద్దం మీద మరక వదిలేది ఎక్కువగా దానిపై ముందే పేరుకున్న దుమ్ము, వాన నీళ్లు కాదు. ఇది వినియోగదారులకు చెప్పండి. వారం లోపు వాన మరకలు కనిపిస్తే బయటి వైపు ఉచితంగా తుడుస్తామని మాట ఇవ్వండి. ముసురు పడితే లోపలి పనులు చేయండి: లోపలి అద్దాలు, దోమతెరలు, జారుడు తలుపుల గాడులు, బోరు నీళ్లతో తెల్లగా మచ్చలు కట్టిన స్నానాలగది అద్దాలు. ఇలాంటివి మే నెలలో ఎవరైనా అడిగితే జూలైకి కాస్త తక్కువ ధరకు చేస్తామని చెప్పి దాచుకోండి. ఉరుములు, గాలివాన వస్తే మాత్రం అందరూ దిగిపోవాలి. అక్కడ చర్చ లేదు.

రెండేళ్ల కిందట మా అపార్టుమెంటు ఎదుటి భవనంలో ఒక దృశ్యం చూశాను. ఆకాశం నల్లబడింది, గాలి మొదలైంది. తొమ్మిదో అంతస్తు దగ్గర తాడుకు వేలాడుతున్న కుర్రాడు ఒక్క ఊపుతో అద్దానికి దూరంగా వెళ్లి, భుజం తగిలేలా వెనక్కి వచ్చాడు. నడుముకు కట్టిన బకెట్టులోంచి నీళ్లు గాలికి ముక్కలుగా చెదిరాయి. కింద నిలబడిన మేస్త్రీ ఫోనులో ఎవరికో ‘ఇంక రెండు కిటికీలే సార్’ అంటున్నాడు. ఆ రెండు కిటికీల విలువ ఎంతై ఉంటుందో లెక్క వేయకుండా ఉండలేకపోయాను. డబ్బు లెక్కల మీద సలహాలిచ్చే మా వృత్తి రోగం అది. పోయిన రోజును ఎలాగైనా రాబట్టాలన్న తొందర వచ్చేది ఖాతా ఖాళీగా ఉన్నప్పుడే. మీ మూడో ఖాతా ఆ తొందరను కూడా తగ్గిస్తుంది.

అందుకే జీతం కోయవద్దంటున్నాను. తాడు పని తెలిసిన ఇద్దరు ఆగస్టులో జీతం తగ్గి వెళ్లిపోతే నవంబరులో మీ ఖరీదైన పనులన్నీ ఆగిపోతాయి. కొత్తవారిని తయారుచేయడానికి పట్టే నెలల ముందు ఈ లోటు ఎంత? వారానికి ఒక సెలవు ఎలాగూ ఇస్తున్నారు. వాన నెలల్లో ఆ సెలవు ఆదివారమే అనకుండా, ముసురు పట్టిన రోజుకు మార్చుకునేలా వారితో ముందే మాట్లాడుకోండి. సెలవు సంగతి ముందురోజు సాయంత్రమే వారికి తెలియాలి. పొద్దున్నే గోదాముకు వచ్చాక చెప్పడం అన్యాయం. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది. నలుగురికీ అది ఉందో లేదో చూడండి. తాడు మీద పనిచేసేవారికి 2 లక్షలు ఏ మూలకూ చాలవు. పని ప్రమాదాలకు నష్టపరిహారం ఇచ్చే పాలసీ యజమానిగా మీరు విడిగా తీసుకోవాలి. ఎత్తులో పని అన్న సంగతి దాచకుండా దరఖాస్తులో రాయండి.

ఆఫీసుల కాంట్రాక్టులను ఈసారి తిరిగి రాసుకోండి. వచ్చినప్పుడల్లా ఇంత అని కాకుండా, ఏడాదికి 24 సార్లు తుడుస్తాం, డబ్బు పన్నెండు సమాన నెలసరి మొత్తాలుగా ఇవ్వండి, వాన వల్ల తప్పిన పని పదిహేను రోజుల్లో పూర్తి చేస్తాం అని ఒప్పందం పెట్టండి. ఆగస్టులోనూ డబ్బు అంతే వస్తుంది. చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, చేయించుకోండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందంలో ఎంత గడువు పెట్టుకున్నా, నమోదైన సూక్ష్మ సంస్థకు 45 రోజుల లోపు బిల్లు చెల్లించాలి. ఈ మాట ఆఫీసు అకౌంట్స్ విభాగానికి బాగా తెలుసు.

జీతాల కోసం అప్పు వద్దు. వాన రోజుల్లో కూడా సంపాదించి పెట్టే పనిముట్టు కోసమైతే ఆలోచించవచ్చు. శుద్ధి చేసిన నీటిని పొడవాటి గొట్టపు కర్ర గుండా పంపి, నేల మీద నిలబడే రెండు మూడు అంతస్తులు కడిగే యంత్రం అలాంటిది. తాడు అవసరం తగ్గుతుంది, చినుకుల్లోనూ పని సాగుతుంది. చిన్న వ్యాపారాల కోసం కేంద్రం నడిపే ముద్రా పథకంలో కిశోర్ రుణం 5 లక్షల దాకా ఇస్తారు. అయితే నగల అప్పు తీరాకే. పైగా మన వీధుల్లో కరెంటు తీగలు కిటికీల పక్కనే వేలాడుతుంటాయి, అలాంటి చోట ఆ కర్ర ఎత్తనే కూడదు.

చివరగా మీరు అడగనిది ఒకటి. పొడి నెలల 14.70 లక్షలు, జూన్, అక్టోబరుల 3.40 లక్షలు, వాన నెలల 3.90 లక్షలు కలిపితే మీ వార్షిక రాబడి 22 లక్షలు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు. ఉత్తరంలో జీఎస్టీ ఊసే లేదు. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులు వినియోగదారుల దగ్గర పన్ను వసూలు చేయకుండా మొత్తం రాబడి మీద కట్టే పద్ధతిలో, 6 శాతం మీ జేబులోంచి కట్టాలి, ఏడాదికి 1,32,000. పైన చెప్పిన రెండు లక్షల మిగులులో చాలా భాగం అందులోకే పోతుంది, మీ రోజు రేటు 7,650 నుంచి 8,140 దాటాలి. నేను వేసిన 15,000, 27,000 లెక్కలు కూడా అప్పుడు సవరించుకోవాలి, అప్పు తీరే గడువు కొంచెం జరుగుతుంది. మామూలు నమోదైతే బిల్లు మీద 18 శాతం వేయాలి. ఆఫీసులు దాన్ని తిరిగి పొందగలవు, ఇళ్లవారు పొందలేరు. మామూలు నమోదులో మీరు తీసుకునే ఇరవై శాతం అడ్వాన్సుకు కూడా డబ్బు అందిన నాడే పన్ను లెక్కకొస్తుంది. వాన వల్ల తిరిగి ఇచ్చేస్తే దానికీ రసీదు రాయాలి. మీ పనుల్లో ఆఫీసులెన్ని, ఇళ్లెన్ని అన్నదాన్ని బట్టి ఏది మేలో ఆడిటర్ తేలుస్తారు. ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, నగదుగా అందిన డబ్బు రాసుకున్న పుస్తకం రెండూ తీసుకెళ్లండి. పుస్తకం లేకపోతే అది కూడా ఆయనతో దాచకుండా చెప్పండి.