మావాడు చెట్లు కొట్టే పనికి పోతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా హనుమకొండలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఊళ్ళో ప్లాటు అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఏఐ సీటు తీసుకుందామని మాట్లాడాను. నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టాలి. వాడేమో రెండు నెలలుగా చెట్లు కొట్టే బ్యాచ్‌తో తిరుగుతున్నాడు. ఫారిన్‌లో దీనికి డిమాండ్ ఉందని ఫోన్‌లో వీడియోలు చూపిస్తాడు. చుట్టాలకు ముఖం చూపించలేకపోతున్నాం. మా నాన్న గీత కార్మికుడు, తాడుచెట్టు మీంచి పడి మంచాన పడ్డాడు. రెండు దారులనూ పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, సీటు గురించి రాశారు, ప్లాటు గురించి రాశారు, చుట్టాల గురించి రాశారు. మీ నాన్నగారి గురించి మాత్రం ఒక్క వాక్యం, అదీ చివర్లో. ఈ సీజన్‌లో నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ‘ఈ బ్రాంచా, ఆ బ్రాంచా’ అనే ఉంటాయి. అడిగేది ఒకటి, లోపల నలిగేది ఇంకొకటి. ఆ చెట్టు మళ్ళీ ఎక్కకూడదనే మీరు చదువుకున్నారు, ఉద్యోగం తెచ్చుకున్నారు. ఇప్పుడు కొడుకు వెళ్ళి తనంతట తానే ఎక్కాడు. మీకు నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. అనవసరంగా భయపడుతున్నారని నేననను. కానీ ఆ భయంతో ప్లాటు అమ్ముతున్నారు చూడండి, నా గొడవంతా దాని మీదే.

ఇంతకీ వాడు చేస్తున్న పని మీరు ఒక్కసారైనా వెళ్ళి చూశారా? చూసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను చూశాను. పోయిన ఎండాకాలం మా వీధి చివర ఇంటి మీదికి ఒరిగిన నిద్రగన్నేరును తీస్తుంటే, ఆఫీసు మానేసి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఎండ ముదరక ముందే, ఆరింటికల్లా వచ్చారు. మొదటి గంట ఎవరూ చెట్టెక్కలేదు. పెద్దాయన చుట్టూ తిరిగి, గొడ్డలి వెనక వైపుతో బోదెను కొడుతూ చప్పుడు విన్నాడు, డొల్ల ఉంటే తెలిసిపోతుందట. వేళ్ళ దగ్గర పుట్టగొడుగులు ఉన్నాయేమో, పైన తేనెతుట్టె ఉందేమో, కరెంటు తీగ ఏ కొమ్మకు ఎంత దూరంలో ఉందో చూశాడు. తీగ దగ్గరగా ఉంది కాబట్టి లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ, అంటే కరెంటు ఆపించే లైన్ క్లియర్, తీసుకునే దాకా అందరూ టీ తాగుతూ కూర్చున్నారు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. ఎల్‌సీ లేకుండా ‘పర్లేదు, చిన్న కొమ్మే’ అనేవాడి దగ్గర మీవాడు ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఎక్కినవాడు నడుముకు, తొడలకు బెల్టు కట్టుకుని, పై పంగలో తాడు వేసుకుని దాని మీద బరువు ఆనించి కదిలాడు. కోత మిషన్ స్టార్ట్ చేసే ముందు రెండో తాడు కూడా కట్టుకున్నాడు. మిషన్ జారి ఒకటి తెగినా రెండోది పట్టుకోవాలి కదా. పెద్ద కొమ్మను పైనుంచి ఒకే కోతలో కోస్తే, సగం తెగగానే బరువుకు చీలి బోదె బెరడును కూడా చీరుకుంటూ దిగుతుంది. అందుకే ముందు కింది నుంచి కొంత కోసి, కొంచెం అవతల పైనుంచి కోశాడు. ఆ కొమ్మకు ముందే మోకు కట్టి ఉంది. ఆ మోకును పక్క చెట్టు మొదలుకు మూడు చుట్లు చుట్టి కింద ఒకాయన పట్టుకున్నాడు. ఆ చుట్ల రాపిడే బరువు మోస్తుంది, ఆయన మెల్లగా వదిలితే చాలు. అంతలావు కొమ్మ పెంకుటింటి మీదుగా ఊగి, ఒక్క పెంకు కూడా పగలకుండా దిగింది. నిజం చెప్పొద్దూ, నేను లేచి నిలబడ్డాను.

ఇక ఆ వీడియోల్లో చూపించనిది, మిగతా రోజంతా చేసే పని. కోయడానికి పట్టిన టైం కంటే ముక్కలు చేసి ట్రాక్టర్‌కు ఎత్తడానికి ఎక్కువ పడుతుంది. కొత్తవాడు ముందు చేసేది అదే. మండలు లాగడం, పొట్టు ఊడ్వడం, మిషన్ గొలుసుకు ఆకురాయి పెట్టడం. ఎర్ర చీమలు చొక్కాలో దూరతాయి. వాన పడుతుంటే తడి బెరడు మీద కాలు నిలవదు, ఆ రోజు పని లేదు. మే, జూన్ గాలిదుమారాల్లో మాత్రం అర్ధరాత్రి కూడా ఫోన్లు వస్తాయి. నెల జీతం కాదు, గుత్త. చాలాసార్లు కట్టెను పనివాళ్ళే తీసుకుపోతారు కాబట్టి ఇంటివాళ్ళు ఇచ్చేది తక్కువ. గోడ పక్కనో తీగ పక్కనో ఉన్న చెట్టుకే మంచి డబ్బులు. చెట్టును చూసి గుత్త మాట్లాడటం, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా పర్మిషన్ పెట్టించడం వచ్చినవాడే నలభై ఏళ్ళ వయసు దాటాక కూడా ఈ పనిలో ఉంటాడు. ఊరికే ఎక్కడం వచ్చినవాడికి భుజాలు అంతకాలం ఆగవు. ఇదీ మీవాడికి చెప్పండి.

మన దగ్గర చెట్టూ తాడే, కట్టుకునేదీ తాడే. మీ నాన్నగారి కాలంలో మనిషికీ నేలకూ మధ్య ఉన్నది ఒక మోకు, కాళ్ళకు గుజి అనే తాడు బంధం, అంతే. పట్టు తప్పితే మోకు ఆపదు, మనిషితో పాటే జారుతుంది. ఇన్నేళ్ళ తర్వాత 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన ఆ పని చేసినందుకే పడ్డారని మీరు అనుకుంటున్నారు. పడేటప్పుడు పట్టుకునేది ఏదీ లేకపోవడం వల్ల పడ్డారని నేనంటాను. మీవాడి బ్యాచ్‌లో ఆ పట్టుకునేది ఉందా లేదా, మీరు తేల్చుకోవాల్సింది అది. హెల్మెట్, బెల్టు, రెండు తాళ్ళు లేకపోతే ఇంట్లో కూర్చోబెట్టండి, నేను మీ పక్షమే. ఉంటే ఇంకో మాట కూడా అడగండి, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది అని. తాటిచెట్లు గీసేవాళ్ళనూ చెట్లు నరికేవాళ్ళనూ 1923 నాటి నష్టపరిహార చట్టమే కార్మికుల జాబితాలో చేర్చింది. మేస్త్రీకి ఆ సంగతి తెలియకపోవచ్చు, మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలియాలి. పోతే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా వికలాంగుడైనా 2 లక్షలు. అదేమీ పెద్ద మొత్తం కాదు, కానీ రేపే బ్యాంకుకు వెళ్ళి కట్టించండి.

ఇప్పుడు ఏఐ సీటు. ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఆ సీటు ఎవరి కోసం? మీవాడు ఆ బ్రాంచి అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ‘మావాడు ఏఐ చేస్తున్నాడు’ అని పెళ్ళిలో చెప్పుకోవడానికి ప్లాటు అమ్ముతున్నారు. చాలా కాలేజీల్లో జరిగింది నేను చూస్తూనే ఉన్నాను. పాత సీఎస్‌ఈ సెక్షన్ బోర్డు మార్చారు, సార్లు వాళ్ళే, ల్యాబూ అదే, మూడో ఏడాదిలో నాలుగు పేపర్ల పేర్లు మారాయి. లెక్కలు ఇష్టమై, కోడ్ రాస్తూ అన్నం మరిచిపోయే పిల్లలకు ఆ బ్రాంచి బంగారమే, కాదనను. ఇంటర్ రెండేళ్ళు లెక్కలంటే పారిపోయిన పిల్లవాణ్ణి తీసుకెళ్ళి అందులో కూర్చోబెడితే అదే సీటు నాలుగేళ్ళ బ్యాక్‌లాగ్. కొన్నేళ్ళ కింద నేనే ఒక తండ్రికి ‘కంప్యూటర్సే కదా, వేయండి, సెట్ అవుతాడు’ అని చెప్పాను. ఆ అబ్బాయి సెట్ కాలేదు, మూడో ఏడు మధ్యలో ఇంటికొచ్చాడు, ఫీజు వెనక్కి రాలేదు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పుడు మీతో ఇన్ని మాటలు అంటున్నాను.

తలవంపులంటారా? 2014 మేలో నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కితే ఊరూరా ఫ్లెక్సీలు కట్టాం. ఆ అమ్మాయి మొదట ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీద, తాడుతోనే. పిల్లవాడు అదే తాడుతో సంపాదించుకుంటే చుట్టాల ముందు తల దించుకుంటారా?

ఫారిన్ సంగతికి వస్తే, అక్కడ ఈ పనికి గౌరవం ఉన్న మాట నిజమే, ఆర్బరిస్ట్ అంటారు. కానీ ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అర్బోరికల్చర్ వాళ్ళ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే మామూలుగా మూడేళ్ళ అనుభవం అడుగుతారు. రెండు నెలలు మండలు మోసినవాడికి వీసా ఇప్పిస్తానని ఎవరైనా అంటే, ఆ మనిషి ఏజెంట్ కాదు, దొంగ. గల్ఫ్ పేరు మీద జగిత్యాల, కరీంనగర్ వైపు ఎన్ని ఇళ్ళు అప్పుల్లో మునిగాయో మీకు నేను చెప్పాలా? రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి, లేదా ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. అంతకంటే దగ్గరి దారి ఒకటుంది. ఐరాటా అని తాడు మీద పని చేసేవాళ్ళకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. మొదటి లెవెల్‌కు నాలుగు రోజుల ట్రైనింగ్, ఆపైన పరీక్ష. ఎత్తైన బిల్డింగులకూ గాలిమరలకూ పనికొస్తుంది. ప్లాటు అమ్మనక్కర్లేదు.

పోల్చి చెప్పమన్నారు, పట్టిక వేయలేదని కోపం వద్దు. ఒక ఏడాది ఆగితే పోయేదేమీ లేదు. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీకి పేరు రాయించండి, పని చేస్తూనే చదువుతాడు. మార్చి నాటికి వాడే ‘నాన్నా, బీటెక్ చేస్తా’ అంటే ఎప్‌సెట్ ఎక్కడికీ పోదు. మేనేజ్‌మెంట్ సీట్లు అంతకంటే ఎక్కడికీ పోవు.

అడ్వాన్స్ కట్టకండి. ఈ ఆదివారం పొద్దున ఆరింటికి వాళ్ళ పని దగ్గరికి వెళ్ళండి. వాడికి చెప్పకుండా వెళ్ళండి, చెబితే ఆ రోజు మాత్రమే హెల్మెట్ పెట్టుకుంటాడు. మేస్త్రీతో టీ తాగండి, తాళ్ళు చేత్తో పట్టుకుని చూడండి, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో అడగండి. తిరిగి వచ్చేటప్పుడు వాణ్ణి బండి మీద ఎక్కించుకుని, తాత ఎలా పడ్డాడో మొదటి నుంచి చెప్పండి. తాత మంచంలో ఉన్నాడనే తెలిసి ఉంటుంది వాడికి, ఆ రోజు ఏం జరిగిందో మీరెప్పుడూ చెప్పి ఉండరు.