నొప్పి తగ్గింది కదా, ఎముకల ఇంజక్షన్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మకు 66 ఏళ్లు, బరువు 50 కిలోలు. బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. వెన్నుపూస కూడా ఒకటి నలిగిందని ఎక్స్‌రేలో తెలిసింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో టి స్కోరు మైనస్ 3.2, అంటే ఎముకలు బాగా గుల్లబారాయట. విశాఖలో ఎముకల డాక్టర్ ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజక్షన్ రాశారు. రెండు అయ్యాయి, మూడోది ఇంకో మూడు వారాల్లో వేయించాలి. అమ్మకు షుగర్ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4. నొప్పి తగ్గింది కాబట్టి ఆపేయండని ఇక్కడి డాక్టర్ అంటున్నారు. ఏ డాక్టర్‌కు చూపించాలి? ఏ టెస్టులు చేయించాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ ఇంజక్షన్‌ను ఉన్నపళంగా ఆపొద్దు. నొప్పి తగ్గిందంటే నలిగిన పూస మానుతోందని అర్థం. మిగతా ఎముకలు గట్టిపడ్డాయని కాదు. ఈ మందు పనిచేసినంతకాలం ఎముక అరుగుదలను అణిచి ఉంచుతుంది. ప్రభావం దిగిపోగానే ఆ అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. మధ్యలో మానేసిన కొందరికి ఒకేసారి రెండు మూడు పూసలు నలిగిపోతాయి. ఇదివరకే పూస నలిగిన మీ అమ్మగారి లాంటివారికి ఆ భయం మరీ ఎక్కువ. కిందటి ఇంజక్షన్ నుంచి ఏడు నెలలు దాటనివ్వకండి. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే, దాని వెనకే వేరే మందు మొదలుపెట్టి ఆపాలి.

అలాగని టెస్టులు లేకుండా వేయించడం కూడా మంచిది కాదు. మీరు రాసిన క్రియాటినిన్, వయసు బట్టి లెక్కేస్తే కిడ్నీల పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, 41 దగ్గర ఉంటుంది. బహుశా అందుకే మీ డాక్టర్ ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రానిక్ యాసిడ్ జోలికి పోలేదు. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారికి అది ఇవ్వరు. డెనోసుమాబ్‌తో ఆ ఇబ్బంది లేదు, కానీ రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో ఇది ఎక్కువ. కాబట్టి ఈ వారమే కాల్షియం, అల్బుమిన్, ఫాస్ఫరస్, క్రియాటినిన్, విటమిన్ డి, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చేయించండి. కాల్షియం తక్కువొస్తే ముందు దాన్ని సరిచేసి, తర్వాతే ఇంజక్షన్. వేయించిన పది, పద్నాలుగు రోజులకు కాల్షియం మళ్లీ చూడాలి. ఈలోగా పెదాల చుట్టూ జివ్వుమన్నా, వేళ్లు కొంకర్లు పోయినా మరుసటి రోజు దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రక్తం తీసేటప్పుడు ఒకటి గమనించండి. చేతికి పట్టీ బిగించి చాలాసేపు ఉంచితే కాల్షియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నరం దొరక్క ఆలస్యమైతే పట్టీ విప్పి, కాసేపాగి మళ్లీ తీయమనండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయిస్తే పాత రిపోర్టుతో పోల్చుకోవడం తేలిక.

ఇక డాక్టర్ సంగతి. విరిగిన ఎముకకు ఎముకల డాక్టరే. ఎముక ఎందుకు గుల్లబారిందో వెతికి, మందు ఎన్నాళ్లో, తర్వాత ఏదో తేల్చాల్సింది మాత్రం ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్. థైరాయిడ్, పారాథైరాయిడ్, షుగర్ కూడా వారే చూస్తారు. విశాఖ కేజీహెచ్‌లో, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఈ విభాగం ఉంది. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి మీకు దగ్గరైతే అక్కడి ఓపీలో అడిగి చూడండి. నా సలహా, ఊరు ఏదైనా ఒక్క డాక్టర్‌నే పట్టుకోండి. ముగ్గురు మూడు మాటలు చెబితే చివరికి నష్టపోయేది అమ్మగారే. పీటీహెచ్ ఎక్కువున్నా, యూరిన్‌లో ప్రోటీన్ పోతున్నా వారే కిడ్నీ డాక్టర్‌కు పంపుతారు. థైరాయిడ్ టెస్టు, హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) కోసం ప్రోటీన్ పరీక్ష ఇంతకుముందు చేయకపోతే ఈసారి అడగండి.

ఇంజక్షన్ కోసం ప్రతిసారీ నగరానికి వెళ్లనక్కర్లేదు. చర్మం కిందే వేసేది కాబట్టి పర్లాకిమిడిలోనే వేయించవచ్చు. విశాఖలో కొని బస్సులో తెస్తే ఐస్ బాక్స్‌లో తీసుకురండి, కానీ మందు నేరుగా ఐస్‌కు తగలకూడదు. గడ్డకడితే అది పనికిరాదు. ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు.

పన్ను పీకించే పని ఉంటే ఇంజక్షన్‌కు ముందే దంతాల డాక్టర్‌కు మందు పేరు చెప్పండి. డెక్సా మళ్లీ ఏడాది, రెండేళ్లకు, అదే మెషీన్ మీద చేయించండి. శిబిరాల్లో మడమకు పెట్టి చూసే పరీక్షతో పాత డెక్సాను పోల్చకండి.