ఆర్డరిచ్చి కుట్టించిన కిల్ట్ తేడాగా వస్తే వెనక్కి ఇవ్వొచ్చా?

సందేహం: మేడమ్, నేను స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇక్కడి మిత్రులతో కలిసి మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికుల వేషధారణ ప్రదర్శనల్లో పాల్గొంటుంటాను. 1914 నాటి గోర్డన్ హైలాండర్స్ అనే స్కాటిష్ రెజిమెంట్ సైనికుడి కిల్ట్‌కి (మగవాళ్ళు నడుముకు కట్టుకునే, కుచ్చిళ్ళున్న గళ్ళ లంగాలాంటి బట్ట) నకలు కావాలని ఒక చిన్న కుట్టుశాలకు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చాను. ధర 640 పౌండ్లు. 200 అడ్వాన్సు క్రెడిట్ కార్డుతో నేరుగా వాళ్ళకే కట్టాను, మిగిలిన 440 బ్యాంకు ద్వారా పంపాను. మ్యూజియంలో తీసిన ఫోటో జతచేసి, వెనకవైపు ప్రతి కుచ్చిలి మధ్యలో పసుపు చార పడాలని మెయిల్ రాశాను. ‘సరే, అలాగే కుడతాం’ అని జవాబిచ్చారు. తీరా వచ్చినదాంట్లో మామూలు పెళ్ళిళ్ళకు కట్టుకునే కిల్ట్‌లా గళ్ళ నమూనా మొత్తం కనబడేలా కుచ్చిళ్ళు పెట్టారు. పైగా నడుము దగ్గర బిగుతు, పట్టీలు బకిల్‌కు అందడం లేదు. అడిగితే ‘మీ కొలతలకు కుట్టినది, వాపసు తీసుకోం’ అంటున్నారు. చేతికొచ్చి 19 రోజులైంది. ఇంకో టెన్షన్ కూడా ఉంది. సైనిక దుస్తులు వేసుకోవడమే నేరమని ఒక మిత్రుడు భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: ముందు మీ దగ్గరున్న సమయం గురించి చెప్పాలి, ఎందుకంటే అదే తక్కువగా ఉంది. సరుకు ఒప్పందం ప్రకారం లేకపోతే దాన్ని తిరస్కరించి పూర్తి డబ్బు అడిగే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం మీకు ఇస్తోంది. ఈ చట్టం స్కాట్లాండ్‌కూ వర్తిస్తుంది. కానీ ఆ హక్కు సరుకు చేతికొచ్చాక 30 రోజులే. మీకు మిగిలింది 11 రోజులు. కాబట్టి ఇది పూర్తిగా చదివాక ఇవాళే మెయిల్ రాయండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి.

‘ఆర్డరిచ్చి కుట్టించింది వాపసు తీసుకోం’ అనే మాట సగం నిజం. ఆ సగం చూపించి జనాన్ని వెనక్కి పంపేస్తుంటే నాకు బాధేస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును ఏ కారణమూ చెప్పకుండా 14 రోజుల్లో వద్దనుకునే వీలు 2013 నిబంధనల్లో ఉంది. మన కొలతలకు, మన కోరిక మేరకు చేయించుకున్న వస్తువులకు ఆ వీలు లేదు. అంటే మీకు కిల్ట్ మీద మోజు తీరిపోయి వెనక్కి ఇస్తానంటే వాళ్ళు కుదరదనొచ్చు. కానీ మీ మనసు మారలేదు కదా! మీరు అడిగింది ఒకటి, వాళ్ళు కుట్టింది ఇంకొకటి. చెప్పిన వర్ణనకు సరిపోని వస్తువు కొలిచి కుట్టిందైనా, దుకాణంలో వేలాడదీసిందైనా చట్టం ముందు ఒకటే. వెబ్‌సైట్‌లో ‘నో రిటర్న్స్’ అని రాసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు.

చారే కదా, పెద్ద తేడా ఏముంది అని వాళ్ళు వాదించవచ్చు. మీ విషయంలో అసలు వస్తువంతా ఆ చారలోనే ఉంది. నలుపు, నీలం, ఆకుపచ్చల ‘గవర్నమెంట్ టార్టన్’ అనే గళ్ళ బట్టకు పసుపు చార కలిపితేనే అది గోర్డన్ సైనికుల బట్ట అయింది. 1793లో హంట్లీ పట్టణపు ఫోర్సిత్ అనే బట్టల తయారీదారు ఆ నమూనా ఇచ్చాడు, మరుసటి ఏడు రెజిమెంట్ ఏర్పడింది. చీర కట్టేటప్పుడు కుచ్చిళ్ళు సర్దుకున్నట్టే, ప్రతి మడత మీదా అదే చార వచ్చేలా బట్టను మడిచి చేత్తో కుట్టాలి. అలా కుడితే వెనకనుంచి చూసినప్పుడు పసుపు గీతలు వరసగా నిలువునా దిగుతాయి, నడిచేటప్పుడే మిగతా రంగులు బయటపడతాయి. సైనిక కిల్ట్‌ను మామూలు కిల్ట్ నుంచి వేరు చేసేది ఇదే. మీరు అది ముందే రాసి అడిగారు, వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ రెండు మెయిళ్ళూ, ఫోటో మీ కేసుకు ప్రాణం. కిల్ట్‌ను బల్ల మీద బోర్లా పరిచి, పగటి వెలుతురులో ఆ మ్యూజియం ఫోటో పక్కన పెట్టి ఒక ఫోటో తీయండి. దానికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

నడుము సంగతి వేరు. మీ ఉత్తరంతో పంపిన కొలతల ఫారం చూశాను. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవమని అందులో స్పష్టంగా ఉంది. మీరు జీన్స్ లేబుల్ మీదున్న 34 వేశారు. కిల్ట్ ప్యాంటుకన్నా బాగా పైకి కడతారు, అక్కడి చుట్టుకొలత వేరు. ఈ పొరపాటు మీది. దాన్ని కూడా వాళ్ళ నెత్తిన వేస్తే మీ బలమైన వాదన బలహీనపడుతుంది. మెయిల్‌లో కుచ్చిళ్ళ గురించే రాయండి.

రాసేటప్పుడు ‘అసంతృప్తిగా ఉంది’ లాంటి మాటలు చాలవు. ‘ఈ సరుకు ఒప్పుకున్న వర్ణన ప్రకారం లేదు, అందుకే తిరస్కరిస్తున్నాను, 640 పౌండ్లు తిరిగి ఇవ్వండి’ అని సూటిగా ఉండాలి. వెనక్కి పంపే ఖర్చు కూడా వాళ్ళదే. డబ్బు ఇవ్వాల్సి ఉందని వాళ్ళు ఒప్పుకున్న రోజునుంచి 14 రోజుల్లో చెల్లించాలి.

మీకు డబ్బు కన్నా కిల్టే ముఖ్యమైతే, సరిచేయమనో కొత్తది కుట్టమనో అడగొచ్చు. అలా అడిగితే వాళ్ళు ఆ పని చేసేంతకాలం 30 రోజుల లెక్క ఆగుతుంది. సరిచేశాక కూడా తేడా ఉంటే ధర తగ్గించమనొచ్చు, లేదా అప్పుడైనా తిరస్కరించవచ్చు. కాకపోతే ఒక్క మాట. చాలా కిల్టుల్లో నడుము దగ్గర లోపలి మిగులు బట్ట కత్తిరించేస్తారు. అలా చేసి ఉంటే విప్పి మళ్ళీ మడవడం కష్టం. నన్నడిగితే కొత్త బట్టతో కొత్తది కుట్టమనండి, ఈసారి నడుము మీరే సరిగ్గా కొలిచివ్వండి.

వాళ్ళు మొండికేస్తే కోర్టుకన్నా ముందు మీ క్రెడిట్ కార్డు కంపెనీకి రాయండి. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్న వస్తువు విషయంలో అమ్మినవాడితో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ధరలో కొంత భాగమే కార్డుతో కట్టినా సరే, మొత్తం ధరకు వాళ్ళు బాధ్యులే. మీరు కార్డుతో కట్టిన 200 మాత్రమే కాదు, బ్యాంకు ద్వారా పంపిన 440 కూడా వాళ్ళను అడగొచ్చు. మధ్యలో వేరే పేమెంట్ సంస్థ లేకుండా నేరుగా కట్టడం మీకు కలిసొచ్చింది. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, కాదన్నా బ్యాంకులు, కార్డు కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అదీ కుదరకపోతే స్కాట్లాండ్‌లోని స్థానిక కోర్టు అయిన షెరిఫ్ కోర్టులో చిన్న మొత్తాల కేసులకు ‘సింపుల్ ప్రొసీజర్’ ఉంది. 5,000 పౌండ్ల వరకు కేసులు అందులోనే వేస్తారు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.

ఇక మీ మిత్రుడి భయం. ఆ కిల్ట్ ఒక్కటీ కట్టుకుంటే ఏ నేరమూ లేదు. గోర్డన్ టార్టన్‌తో ఎవరైనా పెళ్ళికి వెళ్ళొచ్చు, మీ ఇంటిపేరు గోర్డన్ కాకపోయినా సరే. ఒకప్పుడు పరిస్థితి సరిగ్గా తిరగబడి ఉండేది. స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్స్ తిరుగుబాటుదారులను ప్రభుత్వ సైన్యం ఓడించిన కలోడెన్ యుద్ధం తర్వాత 1746లో తెచ్చిన చట్టం హైలాండ్ దుస్తులను నిషేధించింది. సైన్యంలో ఉన్నవాళ్ళకే మినహాయింపు. పట్టుబడితే మొదటిసారి ఆరు నెలల జైలు. 1782లో గాని దాన్ని ఎత్తేయలేదు.

మీ మిత్రుడు చెప్తున్నది 1894 నాటి యూనిఫామ్స్ చట్టం అయి ఉంటుంది. సైన్యంలో లేనివాళ్ళు సైనిక యూనిఫామ్ గాని, అలా కనబడే, రెజిమెంట్ గుర్తులున్న దుస్తులు గాని అనుమతి లేకుండా వేసుకోకూడదని అది అంటోంది. అయితే నాటకాలకూ, నిజాయితీగా జరిపే సైనిక ప్రదర్శనలకూ అదే చట్టంలో మినహాయింపు ఉంది. మీ బృందం చేసేది అదే. టోపీ, బ్యాడ్జీ, కోటు అన్నీ వేసుకుని ఊరంతా తిరక్కుండా మైదానం దగ్గరే మార్చుకోండి, నిర్వాహకుల ఉత్తరం ఒకటి జేబులో ఉంచుకోండి. సైనికుల గౌరవానికి భంగం కలిగేలా ఆ దుస్తులు వేసుకుంటే అదే చట్టంలో వేరే శిక్ష ఉంది. ప్రదర్శన తర్వాత పబ్బుకు వెళ్ళేటప్పుడు బ్యాడ్జీలు తీసేయమని చెప్పేది అందుకే. మేజోట్లో పెట్టుకునే చిన్న కత్తి జాతీయ వేషధారణలో భాగమైతే, బయట కత్తి పెట్టుకు తిరగడాన్ని నేరంగా చూసే 1995 నాటి స్కాట్లాండ్ చట్టంలోనే రక్షణ ఉంది, కానీ అదే కత్తి బ్యాగులో వేసుకుని తిరిగితే ఆ రక్షణ దొరక్కపోవచ్చు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. తిరస్కరిస్తున్నానని మెయిల్ పంపాక, వచ్చే ప్రదర్శన దగ్గరపడిందని ఇదే కిల్ట్ కట్టుకుని వెళ్ళకండి. మీరు దాన్ని స్వీకరించారనడానికి ఆ రోజు ఫోటోలే వాళ్ళకు ఆధారమవుతాయి. ఈసారికి మీ బృందంలో ఎవరినైనా అడిగి అరువు తెచ్చుకోండి, ఈ కిల్ట్‌ను మాత్రం వచ్చిన పెట్టెలోనే మడిచి ఉంచండి.