ఫైన్ సంగతి తర్వాత, ముందు లైసెన్స్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: "మా అన్నయ్య డ్రైవర్. బైక్ మీద వస్తూ నెల్లూరులో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. కోర్టుకి వెళ్లి తప్పు ఒప్పుకుంటే ఫైన్‌తో పోతుందంటున్నారు. లాయర్ నిజంగా అవసరమా?"

అవసరమే. ఫైన్‌తో పోతుందని చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా, ఆ తర్వాత మీ అన్నయ్య ఏం తిని బతకాలో చెప్పరు.

నాకు కావలి, సింగరాయకొండ మధ్య రొయ్యలు తోలే పికప్ బండ్లున్నాయి. డ్రైవర్లు లేకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి ఈ చట్టం గురించి నేను మాట్లాడేది డ్రైవర్ వైపు నుంచే. ఆఫీసు ఉద్యోగికి పదివేలు పోతే పోయినట్టే. డ్రైవర్‌కి అసలు శిక్ష లైసెన్స్. అది ఎవరికీ పట్టదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారైతే 10,000 రూపాయలు ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15,000, రెండేళ్ల దాకా జైలు. 2019 సెప్టెంబరుకి ముందు మొదటి తప్పుకి 2,000తో పోయేది. మీకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఇంకా ఆ కాలంలోనే ఉన్నారు. అదే చట్టంలో 20వ సెక్షన్ ఉంది. 185 కింద శిక్ష పడితే కోర్టు ఆరు నెలలకి తగ్గకుండా లైసెన్స్ మీద అనర్హత వేయాలని అందులో రాసుంది. ఇది కాక, పోలీసులు లైసెన్స్ తీసుకుని ఆర్టీఓకి పంపవచ్చు. ఆర్టీఓ మన మాట విన్నాక మొదటి తప్పుకి మూడు నెలలు ఆపవచ్చు, మళ్లీ దొరికితే రద్దే చేయవచ్చు. రోడ్డు మీద డబ్బు కట్టి చలానా తీసుకుని వచ్చేయడానికి ఈ కేసులో దారే లేదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. "ఎస్సైతో మాట్లాడి సెటిల్ చేస్తా" అన్నవాడికి రూపాయి ఇవ్వకండి.

మా దగ్గర జరిగింది చెప్తాను. లాయర్ ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

మా డ్రైవర్ కుర్రాడొకడు రొయ్యల పట్టుబడికి వెళ్లి, సరుకు ప్లాంటులో దింపి, పికప్ షెడ్డులో పెట్టేసి, సొంత బైక్ మీద అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి పోయాడు. మేనమామ కదా, వెళ్లకపోతే మాట పడతాడు. అక్కడ తాగాడు. రాత్రి పదిన్నరకి తిరిగొస్తుంటే రోడ్డు మీద వరసగా బండ్లు ఆపి ఊదిస్తున్నారు. ఊదాడు, చీటీ వచ్చింది, సంతకం పెట్టమంటే పెట్టాడు. చుట్టూ ఇరవై మంది, అందరిదీ ఒకటే గోల. బైక్ స్టేషన్‌కి పోయింది. నేను వెళ్లి వాణ్ణి తెచ్చుకున్నాను.

కోర్టు రోజున గేటు దగ్గరే ఒకతను పట్టుకున్నాడు. లాయరూ కాదు, గుమాస్తా కూడా కాదు. "లోపల పేరు పిలవగానే ఒప్పుకుంటున్నానని చెప్పు అబ్బయ్యా, పదివేలు కట్టేయ్, నాకు ఐదొందలియ్యి, సాయంత్రానికి ఇంటికాడుంటావు" అన్నాడు. మావాడు తలూపాడు. "తాగింది నిజమే కదన్నా, ఒప్పుకుంటే ఏమవుద్ది?" అని నన్నే అడిగాడు. నేను వాణ్ణి పక్కకి లాక్కెళ్లి, నా బ్యాంకు కాగితాలు చూసే పెద్ద లాయర్ గారి ముందు నిలబెట్టాను. ఆయన కథంతా వినలేదు. "ముందు పోలీసులు పెట్టిన కాగితాల కాపీ తెండి" అన్నారు.

కాపీ వచ్చాక ఆయన చాలాసేపు చూసి, "నీ సంతకం ఇక్కడ పెట్టు" అని వాడికి తెల్లకాగితం ఇచ్చారు. మావాడు ఏడో తరగతి, సంతకం తెలుగులోనే పెడతాడు. కేసు కాగితాలకి జతచేసిన బ్రెత్ ఎనలైజర్ చీటీ మీద ఇంగ్లీషులో ఎవరిదో గిలుకుడు సంతకం ఉంది. చీటీలో టైం సాయంత్రం 7 దాటి కొన్ని నిమిషాలు. కేసు రాసింది రాత్రి పదిన్నరకని. ఏడింటికి మావాడు ప్లాంటు గేటు దగ్గర బండితో ఉన్నాడు, అక్కడి రిజిస్టర్‌లో వాడి సంతకం, టైం రెండూ ఉన్నాయి. అంటే ఎవరి చీటీయో తెచ్చి మావాడి కేసుకి పిన్ను కొట్టారు. ఆ చీటీలో రీడింగ్ వందకి పైన. ఎవరో ఊదిన అంకెకి వీడు దోషి అయ్యేవాడు, అదీ నోరారా తనే ఒప్పుకుని.

వాయిదాలు చాలా తిరిగాం. మిషన్‌లో గడియారం తప్పుందని అవతలివాళ్లు చెప్పారు. గడియారం తప్పయితే సంతకం కూడా తప్పేనా అని లాయర్ గారు అడిగితే జవాబు రాలేదు. రక్త పరీక్ష చేయించలేదు. కేసు కొట్టేశారు. లాయర్ ఫీజు ఫైన్ కంటే ఎక్కువే అయింది. నేనే కట్టాను, అది దండగని ఏనాడూ అనుకోలేదు.

తాగినవాణ్ణి వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆ రోజు వాణ్ణి నేను తిట్టిన తిట్లు మా వీధంతా విన్నది, వారం పాటు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. కానీ ఒక మనిషి తిండి తీసేసే ముందు, ఆ కాగితం ఆ మనిషిదేనా అని చూడాలా వద్దా? వందమంది పేదవాళ్లు వరసలో నిలబడి నిమిషానికొకరు "ఒప్పుకుంటున్నా" అనేసి పోతుంటారు. వాళ్ల కాగితాలు ఒక్కటి కూడా ఎవరూ చదవరు. నాకు కడుపు మండేది దీనికే.

ఇంకొక సంగతి. కుర్రాళ్లు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి "ఊదనని చెప్పేస్తే సరి" అంటున్నారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో పరిమితి 80 మిల్లీగ్రాములు, ఇక్కడ 30. ఇక్కడ ఊదనంటే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రక్త పరీక్షకి పంపవచ్చు, కారణం లేకుండా కాదన్నందుకు కోర్టులో మనకి వ్యతిరేకంగానే లెక్క వేస్తారు. పోలీసు ఆపితే మర్యాదగా ఊదాలి. కొత్త గొట్టం వేయమని అడగండి, అంతకు ముందే జబ్బుకి వాడే మందు, టానిక్ లాంటిది నోట్లో పోసుకుని ఉంటే అది చెప్పండి, చీటీ మీద పేరు, టైం చదివాకే సంతకం పెట్టండి. వాసన వచ్చింది, తూలుతున్నాడు అన్నంత మాత్రాన తాగాడని రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పిందని మా లాయర్ గారు అంటారు. అదే సుప్రీంకోర్టు 2021లో, పరీక్ష చేయకపోయినా మిగతా ఆధారాలతో తాగాడని ఇన్సూరెన్స్ కంపెనీ నిరూపించవచ్చని కూడా చెప్పింది. తాగి గుద్దితే మన బండి రిపేరుకి పైసా రాదు. అవతలివాడికి కంపెనీ కట్టినా, ఆ డబ్బు తిరిగి ఓనర్ మీదే వసూలుకి వస్తుంది. మనిషి పోతే ఇక 185 చిన్న మాట. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అయిదేళ్ల దాకా జైలు. ఆ రోజు ఏ చీటీ తప్పూ ఎవర్నీ కాపాడదు.

అసలు రాత్రి పదైతే మా వైపు ఊళ్లకి బస్సు ఉండదు. ఆటోవాడు రానంటాడు, వస్తే మూడొందలంటాడు. బెల్టు షాపు మాత్రం ఏ సందులో చూసినా తెరిచే ఉంటుంది. ఫంక్షన్లు చేసేవాళ్లు మందుకి వేలు పోస్తారు, తాగినవాళ్లని ఇంటికి చేర్చడానికి ఒక వ్యాను మాట్లాడరు. మా ఇంట్లో పెళ్లికి నేను మాట్లాడాను. పెద్ద ఖర్చేమీ కాలేదు.

ఇక మీ అన్నయ్య సంగతి. కాగితాల కాపీ తెప్పించండి. చీటీలో పేరు, టైం, రీడింగ్, సంతకం, కేసులో రాసిన టైం పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే, తాగింది నిజమైతే, ఒప్పుకోవడమే మేలు. కానీ అది లాయర్ నోటి నుంచి, మొదటి తప్పు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, డ్రైవింగే జీవనం అని చెప్పించుకుని ఒప్పుకోవాలి. జైలు పడకుండా, లైసెన్స్ మీద చట్టం చెప్పిన దానికన్నా ఎక్కువ పడకుండా చూసేది ఆ నాలుగు మాటలే. ఒప్పుకుంటే మొదటి శిక్షగా రికార్డులో ఉంటుంది, రెండోసారి దొరికితే రెండేళ్ల లెక్కలోకి వెళ్తాడు, ఇదీ మీ అన్నయ్యకి ముందే తెలియాలి. ఆర్టీఓ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకండి, అక్కడ కూడా మన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది. లాయర్‌కి డబ్బులు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి, ఆదాయం తక్కువున్నవాళ్లకి లాయర్‌ని ఉచితంగానే ఇస్తారు. వాయిదా మాత్రం తప్పొద్దు, తప్పితే వారెంటు వస్తుంది, అప్పుడు చిన్న కేసు కూడా అరెస్టు దాకా పోతుంది.