'ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్' అంటారు కదా, ఆ తొమ్మిది ఏమిటి?

తొమ్మిది కుట్లు: బట్ట కాస్త చిరిగినప్పుడే ఒక కుట్టు వేస్తే, తర్వాత తొమ్మిది వేసే పని తప్పుతుందని ఈ ఇంగ్లీషు సామెత అర్థం. నేతలో ఒక పోగు తెగితే పక్క పోగుల పట్టు సడలుతుంది, లాగేకొద్దీ చిరుగు పెరుగుతుంది. చొక్కా చంక దగ్గర కుట్టు ఊడిందనుకోండి. ఆ రోజే సూది పడితే రెండు నిమిషాల పని, వారం వదిలేస్తే టైలర్ దగ్గరికి పోవాల్సిందే. మన 'గోటితో పోయేదానికి గొడ్డలి' కూడా ఇదే మాట. తొమ్మిదికి లెక్కంటూ ఏమీ లేదు. 'టైమ్', 'నైన్' పలకడానికి కాస్త జోడీగా ఉంటాయి, అంతే. 1732లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ ఫుల్లర్ వేసిన సామెతల సంకలనంలో అయితే తొమ్మిది కుట్ల పని 'తప్పవచ్చు' (మే సేవ్) అనే ఉంది. చాలామంది 'టైమ్ సేవ్స్ నైన్' అని విడదీసి, కాలం దేన్నో కాపాడుతుందనుకుంటారు. కాపాడేది కుట్టు; 'ఇన్ టైమ్' అంటే సకాలంలో అని మాత్రమే.